పెదనాన్నగారి అద్దాల ఇల్లు

ఈమధ్య ఒక ఆదివారం మా సుగుణక్కతో కలిసి రాజోలు అవతల గోదావరి ఒడ్డున కట్టిన కొత్త ఇల్లు చూడటానికి వెళ్ళాను. హైదరాబాదు ఆర్కిటెక్టు గీసిన ఇల్లట, ఆదివారాలు ఎవరైనా వచ్చి చూడవచ్చట. గుమ్మంలోకి అడుగుపెట్టగానే పూత లేని కాంక్రీటు గోడల్లోంచి పచ్చి సిమెంటు వాసన, దాని వెనకాలే ఏటి బురద వాసన వచ్చి ముక్కుకి తగిలాయి. అక్క నా మోచెయ్యి గట్టిగా పట్టుకుంది. ఆ రెండు వాసనలూ కలిసి వచ్చే ఇల్లు మా ఇద్దరికీ ఒక్కటే తెలుసు.

అది పెదనాన్నగారి ఇల్లు. అక్క వాళ్ళ నాన్నగారే మా పెదనాన్న. ఆ చుట్టుపక్కల ఆయన్ని డాక్టరుగారనే పిలిచేవారు. అమ్మ పక్క ఊరి బడిలో టీచరు కావడంతో నా సెలవులన్నీ పెద్దమ్మ దగ్గరే గడిచేవి. పెంకుటిళ్ళూ తాటాకు పాకలూ తప్ప మరొకటి ఎరగని ఊళ్ళో ఆయన మద్రాసు నుంచి గడ్డం ఉన్న ఒక కుర్ర ఆర్కిటెక్టుని పిలిపించి, ఏటిగట్టుకి ఊరివైపు కాకుండా ఏటివైపు, కొబ్బరితోట మధ్యలో, బల్లపరుపు కప్పుతో బూడిదరంగు ఇల్లు కట్టించారు. దానికి వీధి అరుగు లేదు. గడప లేదు. గడప లేని ఇంట్లోకి ఎలా అడుగు పెట్టాలో తెలియక ఊళ్ళో ముసలమ్మలు గుమ్మం ముందు ఆగిపోయి, లేని గడపకి దణ్ణం పెట్టుకుని లోపలికి వచ్చేవారు. హాలులో గోదావరి వైపు గోడే లేదు, నేల నుంచి కప్పు దాకా అద్దమే. ఆ హాలు ఒడ్డు మీదికి ముందుకు సాగి, నీళ్ళు తాగడానికి మెడ చాచినట్టు ఉండేది.

ఆదివారాలు చర్చి అయ్యాక ఆ ఇల్లు చూడటానికి జనం వచ్చేవారు. మలికిపురం నుంచి సైకిళ్ళ మీద, అమలాపురం నుంచి బస్సు దిగి రిక్షాల్లో, కోర్టు గుమాస్తాలు, కొబ్బరి వ్యాపారులు, పెళ్ళిచూపులకని బయల్దేరి దారిలో ఆగినవాళ్ళు కూడా. చెప్పులు బయట గుట్టగా పడేవి. "రండి, రండి, మొహమాటపడకండి, ఇది హాలండీ," అంటూ పెదనాన్నగారు ఇస్త్రీ చొక్కాలో, పెళ్ళికొడుకు తండ్రిలా తిరిగేవారు. ఆడవాళ్ళు అద్దం ఉందో లేదో వేలితో తాకి చూసేవారు. పెద్దమ్మ వచ్చినవాళ్ళందరికీ టీ ఇచ్చేది, క్రిస్మస్ రోజుల్లో గులాబీపువ్వుల పిండివంట చేసి డబ్బాలకెత్తేది, చలికాలంలో కాల్చిన తేగలు, వానాకాలంలో పనసాకు బుట్టల్లో ఇడ్లీపిండి పోసి ఆవిరి పట్టిన పొట్టిక్కలు పెట్టేది. ఆ నున్నటి నేల మీద మేము సుద్దముక్కతో గళ్ళు గీసి తొక్కుడుబిళ్ళ ఆడితే బిళ్ళ ఎక్కడా ఆగేది కాదు, జర్రున జారి అద్దానికి తగిలేది.

అద్దానికి తగిలేవి బిళ్ళలే కాదు. ఆకాశం అనుకుని వచ్చి పిట్టలు కొట్టుకునేవి. టప్‌మని చప్పుడు, ఆ తర్వాత చిన్న మరక. పెద్దమ్మ పొద్దున్నే లేచి వాటిని చేటలోకి ఎత్తి, మందారం చెట్టు కింద పాతిపెట్టి, కాఫీ అయినా తాగకుండా ఒడ్డు దాకా నడిచి, కాసేపు కిందికి చూసి తిరిగొచ్చేది. ఏం చూసిందో ఎవరికీ చెప్పేది కాదు. అప్పుడప్పుడు తోటలో ఒక చెట్టు ఏటివైపు ఒరిగేది. కొన్నాళ్ళకి అది ఉండేది కాదు. చెట్టు పోయిన చోట వెలుతురు ఎక్కువై గోదావరి ఇంకా బాగా కనబడుతోందని పెదనాన్నగారు సంబరపడేవారు.

ఒకసారి అక్కే అడిగింది, మన ఇల్లు ఏటికి ఇంత దగ్గరగా ఎందుకుందని. పెద్దమ్మ బియ్యం ఏరుతూ, తల ఎత్తకుండా చెప్పింది. "ఆ అబ్బాయి గట్టుకి ఆనించే గీసేడమ్మా. మీ నాన్నగారే ముందుకి జరిపించేరు. ఏరు ఇంట్లోకి వచ్చినట్టుండాలన్నారు."

ఒక ఏడు వర్షాకాలంలో గోదావరికి వరద ఎర్రనీరు దిగింది. పులస చేపలొచ్చాయని ఊరంతా సందడి. వరద హాలు అంచు దాకా వచ్చి, లోపలికి రాకుండానే తగ్గడం మొదలుపెట్టింది. పెదనాన్నగారు గెలిచినట్టే ఉన్నారు. ఆ ఆదివారం, మునుపెన్నడూ రానంత మంది వచ్చారు. హాలునిండా జనం, చంటిపిల్లల్ని ఎత్తుకుని అద్దం దగ్గర నిలబడి, కింద సుళ్ళు తిరిగే నీళ్ళని చూస్తున్నారు. వంటింటి తలుపు పొద్దున్న బాగానే పడింది, ఇప్పుడు చట్రం ఒక పక్కకి ఒరిగి బిగుసుకుపోయింది. పెద్దమ్మ దాన్ని రెండుసార్లు తోసి చూసింది. తర్వాత తడిచేతులతోనే హాలులోకి వచ్చింది.

"అందరూ బయటికి నడవండి."

పెదనాన్నగారు నవ్వేశారు. "రూతూ, ముందు టీ సంగతి చూడు. పాపం, ఇప్పుడేగా వచ్చేరు."

"టీ లేదండి. నడవండమ్మా. బాబూ, నువ్వు కూడా. గట్టెక్కేయండి."

ఆవిడ గొంతు పెరగడం నేనెప్పుడూ వినలేదు. కదలని ఒక ముసలావిణ్ణి రెక్క పట్టుకుని నడిపించింది. జనం గొణుక్కుంటూ, అవమానపడుతూ, చెప్పులు వెతుక్కుంటూ గట్టెక్కారు. పెదనాన్నగారు మాత్రం పేముకుర్చీ అద్దానికి ఎదురుగా లాక్కుని కూర్చున్నారు. "నా ఇంట్లోంచి నేనెందుకెళ్ళాలి?"

పెద్దమ్మ ఆయన పక్కన నేల మీద చతికిలబడింది. "అయితే నేనూ ఉంటానండి. పిల్లలు గట్టు మీంచి చూస్తూ ఉంటారు."

ఆయన వెనక్కి తిరిగి మమ్మల్ని చూశారు. సుగుణక్క తలుపు దగ్గర నోటికి ఓణీ అడ్డం పెట్టుకుని ఏడుస్తోంది. ఆయన లేచారు.

గట్టు మీద నిలబడ్డాం. చాలాసేపు ఏమీ జరగలేదు. వెనక ఎవరో కిసుక్కుమన్నారు. చెప్పులు తెచ్చుకుంటానని పెదనాన్నగారు ఒక అడుగు దిగితే పెద్దమ్మ ఆయన చొక్కా వెనక నుంచి పట్టుకుంది. అప్పుడు భూమిలో ఎక్కడో మొద్దు చీలినట్టు చప్పుడైంది. హాలు, గేదె నీళ్ళలోకి దిగినట్టు, తొందర లేకుండా తల వంచింది. అద్దం పగలలేదు. ఆకాశాన్ని చూపిస్తూనే నీళ్ళలోకి వెళ్ళిపోయింది. దాని వెనకే పడకగది, వంటిల్లు. నవ్వినవాళ్ళలో ఒకావిడ చంటిపిల్లని గుండెకి అదుముకుని అక్కడే కూలబడిపోయింది.

తర్వాత వాళ్ళు అమలాపురంలో అద్దె ఇంటికి మారారు. ఒకరోజు ఆ ఆర్కిటెక్టు వచ్చి, కుర్చీలో కూర్చోకుండా నిలబడే ఉన్నాడు. "క్షమించండి డాక్టరుగారూ, నేను ఒప్పుకోకుండా ఉండాల్సింది," అన్నాడు. పెదనాన్నగారు, "నీ తప్పు లేదు బాబూ. నువ్వు వెనక్కే గీసేవు," అన్నారు. ఆయన ఆ ఇంటి గురించి నాకు తెలిసి మాట్లాడింది ఆ ఒక్కసారే. పెద్దమ్మ ఆ ఇద్దరికీ టీ ఇచ్చి, తనూ ఒక గ్లాసు తెచ్చుకుని వాళ్ళ మధ్య కూర్చుంది.

ఇప్పుడు వాళ్ళిద్దరూ లేరు. ఆ కొబ్బరితోట లేదు, తోటలోకి దిగే ఇసుకబాట లేదు, మేము ఈత నేర్చుకున్న రేవు లేదు. ఏరు ఒడ్డుని కోసుకుంటూ రావడంతో సగం ఊరు ఇంకా లోపలికి జరిగిపోయింది. ఇప్పుడున్న ఆ ఒడ్డు మీదే ఈ కొత్త ఇల్లు.

కొత్త ఇంటి ఇల్లాలు చిన్నపిల్ల, ఉత్సాహంగా అన్ని గదులూ తిప్పి, చివరికి ఏటివైపు గదికి తీసుకొచ్చింది. "ఇక్కణ్ణుంచి చూడండి మేడమ్, గోదారి ఇంట్లోనే ఉన్నట్టుంటుంది."

ఏటి నడుమ ఒక పడవ వెళుతోంది. సుగుణక్క దానివైపు చెయ్యి చూపించింది. "అదిగోనండీ, ఆ పడవ ఉందే, అక్కడ మా వంటిల్లుండేది."

ఆ అమ్మాయి వేళాకోళమనుకుని నవ్వింది. అక్క నవ్వలేదు, చెయ్యి దించలేదు. అమ్మాయి పడవ వంక చూసింది, అక్కణ్ణుంచి ఒడ్డు దాకా చూపుతోనే కొలుచుకుంటూ వచ్చింది. ఆ చూపు కిటికీ దగ్గర ఆడుకుంటున్న తన కూతురి మీద ఆగింది.

"చిన్నీ," అంది మెల్లగా, "ఇటు రామ్మా."