సంతాప లేఖలు రాసే మామ

మా మేనమామ పోయాడని పొద్దున్నే అత్త ఫోన్ చేసింది. నేను కరీంనగర్ నుంచి ఆదిలాబాద్ చేరేలోగా మంత్రిగారి ఆఫీసు నుంచి వాట్సాప్‌లో సంతాపం కూడా వచ్చేసింది. "వారి మరణం ఈ ప్రాంతానికి తీరని లోటు" అని రాసి, కింద దండం పెట్టే చేతుల బొమ్మ. అత్త కళ్లజోడు పెట్టుకొని చదివి, ఏడుపు ఆపేసింది.

"ఊరందరి చావులకు మీ మామ రాసిచ్చిండు. గీయనకు రాసేటోడే లేకపాయెనా? గిసొంటిది నాకొద్దు. మంచిగ రాసి పంపుమను" అని ఫోన్ నా చేతిలో పెట్టింది.

మీకు అసలు సంగతి చెప్పాలి. మామ టైపు నేర్పేవాడు. ఈ మంత్రిగారు ఒకప్పుడు ఆయన దగ్గరే టైపుకు వచ్చి, లోయర్ పరీక్ష తప్పి, రాజకీయాల్లోకి పోయాడు. "వాని వేళ్లు నడువలే, నోరు నడిచింది" అనేవాడు మామ. వార్డు మెంబరు నుంచి మంత్రి అయ్యేదాకా ఆయన పేరు మీద పోయిన ఉత్తరాలన్నీ మామ రాసినవే. లెటర్‌ప్యాడ్ల కట్టలు మామ ఇంట్లో బియ్యం డబ్బా పక్కనే ఉండేవి. టికెట్ కోసం హైదరాబాద్‌కు పెట్టుకున్న విన్నపాలు, పెళ్లిళ్లకు శుభాకాంక్షలు, ఆఖరికి అలిగి చెన్నూరులో తల్లిగారింటికి పోయిన మంత్రిగారి భార్యకు రాసింది కూడా మామే. అలవాటు చొప్పున దాని పైన "విషయం: ఇంటికి తిరిగి రావలసిందిగా విన్నపం" అని పెట్టాడు. ఆమె అదే కాగితం అడుగున "పరిశీలనలో ఉన్నది" అని రాసి తిప్పి పంపింది. తర్వాత వచ్చింది లెండి.

మామ ప్రాణం పెట్టి రాసేవి మాత్రం సంతాప లేఖలు. చావు కబురు రాగానే పెన్ను తీసేవాడు కాదు. ముందు ఆ వాడకట్టుకు పోయి, హోటల్లో చాయ్ తాగుతూ, పోయినాయన గురించి నాలుగు ముచ్చట్లు ఏరుకొచ్చేవాడు. "ఒకని పేరు కొట్టేసి ఇంకోని పేరు రాస్తే సరిపోయేది ఉత్తరం కాదుర" అని నాకు చెప్పేవాడు. కోడలి వంటకు వంకలు పెడుతూనే రెండోసారి వడ్డించుకునే ముసలమ్మలు ఆయన లేఖల్లో కనబడేవాళ్లు. నేనివాళ నాలుగు ముక్కలు రాయగలుగుతున్నానంటే ఆయన పుణ్యమే.

ఒక్కసారి మాత్రం తొందరపడ్డాడు. భైంసాలో ఒక పత్తి సేటు దవాఖానలో పోయాడని ఎవరో అంటే, విచారించకుండానే "తూకంలో ఏనాడూ మోసం చేయని ధర్మాత్ముడు" అని రాసి పంపాడు. సేటు పోలేదు. ఇంటికొచ్చి తన సంతాపం తనే చదువుకొని, మురిసిపోయి, పటం కట్టించి కాంటా పైన వేలాడదీశాడు. అప్పటి నుంచి తూకంలో కొంచెం తేడా వచ్చినా రైతులు నోరెత్తకుండా ఆ పటం వైపు చూడడం మొదలుపెట్టారు. సేటు పరేషానై ఆదిలాబాద్‌దాకా వచ్చాడు.

"సచ్చినంక మంచోడంటే నడుస్తది సారూ. బతికుండంగ అంటే ఎట్ల ఏగాలె?"

"రాసిందైతే రాసిన. ఇగ జర గట్లనే ఉండుండ్రి" అన్నాడు మామ.

ఆ తర్వాత వచ్చిన ఎన్నికల్లో సేటు ఈ మంత్రిగారికి పని చేయలేదు.

అత్త మాట నేను మంత్రిగారి ఆఫీసుకు చెప్పాను. వాళ్లు ఇంకో మెసేజ్ పంపారు. ఈసారి దీపం బొమ్మ ఉంది. అత్త అదీ వద్దంది.

దినాల నాడు మంత్రిగారే వచ్చాడు. ఫొటోకు దండ వేసి, చాప మీద కూర్చున్నాడు. అత్త లోపలికి పోయి ప్యాడ్, పెన్ను తెచ్చి ఆయన ముందు పెట్టింది.

"రాయి తమ్మీ."

"నాకేడ వస్తదక్కా? అన్ని సారే రాస్తుండె గద. పొయ్యి రాపిచ్చి పంపిస్త."

"ఎవలతోని రాపిస్తవు?"

ఆయన పెన్ను తీసుకున్నాడు. బయట కారు ఇంజను నడుస్తూనే ఉంది. ఒక వాక్యం రాసి కొట్టేశాడు. అది "తీరని లోటే" అయ్యుంటుందని నా అనుమానం. ఆఖరికి మెల్లగా ఏదో రాసి ఇచ్చాడు. అత్త నన్ను చదవమంది.

"సారు నా పేరు మీద అందరికి మంచి మాటలు రాసిండు. జనం అవి నా మాటలే అనుకున్నరు. కొన్నాళ్లకు నేను గూడ అనుకున్న. ఇయ్యాల సారుకు రాద్దామని కూసుంటే నా దగ్గర ఒక్క మాట లేదు."

అత్త మళ్లీ చదివించుకుంది. తర్వాత కాగితం తన చేతిలోకి తీసుకొని, అది తడవకుండా చెయ్యి దూరంగా చాపి పట్టుకొని, ఏడ్చింది.