వెయిటింగ్ లిస్ట్‌లో ఒక వేసవి

నలభై దాటాక మళ్లీ చదువుకుందామని డబ్లిన్ యూనివర్సిటీలో స్పీచ్ థెరపీ మాస్టర్స్‌కి అప్లై చేశాను. పెళ్లికి ముందు హన్మకొండలో, వినపడని పిల్లల బడిలో మాటలు నేర్పేదాన్ని. మా ఆయన ఇక్కడ ఐర్లండ్‌లో, ములింగార్ ఊళ్లో ఆస్పత్రిలో డాక్టరుగా చేరాక ఇల్లు, పిల్ల, ఈ చలి అంటూ ఏళ్లు గడిచిపోయాయి. మళ్లీ ఆ పని చెయ్యాలంటే ఇక్కడి డిగ్రీ ఉండాలి.

వెయిటింగ్ లిస్ట్‌లో పెట్టామని మెయిలొచ్చింది. ఫోను బోర్లా పెట్టి పప్పుకు పోపేశాను. మాడింది. మా ఆయన ఆ పప్పే కలుపుకుని చప్పుడు లేకుండా తింటున్నాడు.

"ఏమన్న అనొచ్చు గదా?" అన్నాను.

"అంటే ఏడుస్తవేమోనని భయమైంది."

దాంతో నిజంగానే ఏడ్చాను. పక్క గదిలోంచి మా అమ్మాయి వచ్చి, తన ఐరిష్ యాస ఇంగ్లీషులో, "వాళ్లు నో అనలేదు కదా మామ్, ఆగమన్నారంతే," అని నా వీపు నిమిరింది. తెలుగంతా అర్థమవుతుంది దానికి, జవాబు మాత్రం ఇంగ్లీషులోనే.

ఆగడమే నాకు రాదు. పొద్దున లేస్తే ఫోను, పడుకునే ముందు ఫోను. చివరికి విసుగొచ్చి, మా ఫ్యామిలీ డాక్టరు క్లినిక్ గోడ మీద నోటీసులో చూసిన ఒక చోటికి వెళ్లాను. స్ట్రోక్ వచ్చి మాట పడిపోయినవాళ్లు వారానికోసారి చర్చి హాల్లో కూడి టీ తాగుతారు. టీ పోసే మనిషి కావాలంటే చేరిపోయాను.

అక్కడ ఒక పెద్దాయన, రిటైరైన బస్సు డ్రైవరు. ఆయనకు మిగిలింది ఒకటే మాట, ఇక్కడివాళ్లు 'బాగుంది' అనడానికి వాడే 'గ్రాండ్'. సంతోషమొచ్చినా గ్రాండే, ఒళ్లు మండినా గ్రాండే. మన 'ఆఁ'లో ఎన్ని అర్థాలుంటాయి! అలాగే వినడం మొదలుపెట్టాను.

ఒకరోజు ఆయన కిటికీ వైపు చూపిస్తూ గ్రాండ్, గ్రాండ్ అని అరిచాడు. చలేస్తోందనుకుని పక్కనున్న ఆయన భార్య కిటికీ మూసింది. ఇంకా గట్టిగా అరిచాడు. నేను ఆయన చేతులు చూశాను. గాలిలో పెద్ద స్టీరింగు తిప్పుతున్నాయి.

"ఇప్పుడు బయట వెళ్లిన అత్లోన్ బస్సు... మీరు నడిపిందేనా?"

తల గబగబా ఊపాడు. కాగితం మీద ఒక గీత గీసి, ఈ చివర ములింగార్ అని రాసి పెన్ను ఇచ్చాను. గీతను మలుపులు తిప్పుతూ, ఒక్కో స్టాపు దగ్గర చుక్క పెడుతూ అత్లోన్ ఊరి దాకా లాక్కెళ్లాడు. బల్ల మీద చెయ్యేసి కొట్టి నవ్వాడు. భార్య కళ్లు తుడుచుకుంది. ఆ మధ్యాహ్నం కారు నడుపుతూ ఇంటికొస్తుంటే పాట పాడాలనిపించింది. సీటు ఇచ్చినా ఇవ్వకపోయినా ఈ పని నాది.

వేసవి చివర్లో, సూపర్‌మార్కెట్లో బిల్లు కడుతుండగా ఫోన్ మోగింది. యూనివర్సిటీ నుంచి. ఎవరో సీటు వదులుకున్నారట. "వచ్చే సోమవారమే క్లాసులు. మీకింకా సీటు కావాలా?"

"కావాలి!" అని నేనరిచిన అరుపుకు అవతలామె నవ్వేసింది.

నేరుగా ఆస్పత్రికి పోయాను. వార్డులోంచి వస్తున్న మా ఆయన నా మొహం చూడగానే, "వచ్చిందా!" అని కేకేశాడు. ఇన్నేళ్లలో నలుగురిలో నా చెయ్యి కూడా పట్టుకోని మనిషి, నర్సులందరి ముందూ నన్ను ఎత్తినంత పని చేశాడు. సాయంత్రం మా అమ్మాయి తన హైలైటర్ల పెట్టె తెచ్చి, పచ్చ రంగు ముఖ్యమైనవాటికే వాడాలని నాకు క్లాసు తీసుకుంది.

సోమవారం డబ్లిన్ రైలెక్కాను. క్లాసులో అందరికీ ఇరవై, పాతికేళ్లు. వెళ్లి ముందు వరుసలో కూర్చున్నాను. మొదటి ఏడాది పాసయ్యాను, మంచి మార్కులతోనే.

ఇప్పుడు ప్రాక్టికల్స్‌కి అత్లోన్ వెళ్తున్నాను. మొన్న అక్కడ నాలుగేళ్ల పాప నా ఎదురుగా కూర్చుని, మొదటిసారి తన పేరు తాను పూర్తిగా పలికింది. వాళ్లమ్మా నేనూ ఒకరి మొహం ఒకరు చూసుకుని, చిన్నపిల్లల్లా చప్పట్లు కొట్టాం.