దండేలు మార్చిన పెద్దబాపు

పెద్దబాపు పోయిన సంగతి నాకు బడిలో తెలిసింది. పొద్దున ప్రార్థన అయిపోయి పిల్లలు తరగతుల్లోకి పోతుంటే తమ్ముడు ఫోన్ చేశాడు. "అక్కా, పెద్దబాపు పోయిండు. కరీంనగర్ల, దవాఖానల్నే. ఇంటికి తెస్తున్నరు" అన్నాడు. ఊపిరితిత్తులు చెడి నెల రోజులుగా అక్కడే ఉన్నాడు కాబట్టి ఈ మాట ఎప్పుడైనా వినాల్సి వస్తుందని తెలుసు. అయినా సెలవు చీటీ రాస్తూ కారణం దగ్గర ఆగిపోయాను. పెద్దనాన్న అని రాస్తే అబద్ధం. పక్కింటాయన అని రాస్తే అంతకంటే పెద్ద అబద్ధం. చివరికి 'దగ్గరి మనిషి' అని రాసిచ్చి హుస్నాబాద్ బస్టాండుకు నడిచాను.

మాది సాంచాలు, అంటే మరమగ్గాలు, నడిచే ఊరు. మా వాడలో మగవాళ్ళు సాంచాల మీద, ఆడవాళ్ళు బీడీల చాటల ముందు బతుకు వెళ్ళదీస్తారు. పెద్దబాపు ఒక ఆసామి షెడ్డులో సాంచాలు నడిపేవాడు. మాకు చుట్టం కాదు. అమ్మను అవ్వ అని, నాన్నను బాపు అని పిలిచే ఊరు మాది. ఆయన మా బాపు కంటే నాలుగేళ్ళు పెద్ద కాబట్టి మాకు పెద్దబాపు, ఆయన భార్య పెద్దమ్మ. రెండిళ్ళకూ నడుమ ఒకటే గోడ. ఆ గోడ మీద మోచేతులు ఆనించి పెద్దమ్మ, మా అవ్వ గంటలకొద్దీ మాట్లాడుకునేవాళ్ళు. పెద్దబాపు మాటల మనిషి కాదు. డ్యూటీకి పోవడం, రావడం, పడుకోవడం. వాడలో ఎవరింట్లో ఏం జరుగుతున్నదో ఆయనకు పట్టేది కాదు. ఆ రోజుల్లో మాలో ఎవరికీ పట్టేది కాదు.

నేను పదో తరగతి చదివే ఏడాది వానాకాలం. స్తంభం నుంచి మా ఇంటికి వచ్చే సర్వీస్ వైరు పెద్దబాపు వాళ్ళ రేకుల పందిరి మీదుగా వచ్చేది. గాలికి ఊగి ఊగి, రేకు అంచుకు రాసుకొని దాని పైతొడుగు అరిగిపోయింది. అవ్వ రెండుసార్లు బాపుకు చెప్పింది. దసరా దాటనీ, మారుస్తా అన్నాడు బాపు. ఆ పందిరికి నిలబెట్టిన ఇనుప పైపు నుంచి మా గోడకున్న మేకు దాకా పెద్దమ్మ వాళ్ళ బట్టల దండెం ఉండేది. అదీ ఇనుప తీగే. మా వాడలో అందరి దండేలూ అప్పుడు ఇనుప తీగలే. ఒకసారి కడితే ఏళ్ళకేళ్ళు తెగవని అందరికీ అవే ఇష్టం.

మూడు రోజుల ముసురు పట్టి, నాలుగో పొద్దున కాస్త తెరిపి ఇచ్చింది. పెద్దమ్మ తడి దుప్పటి తెచ్చి దండెం మీద వేసింది. నేను మా వంటింట్లో ఉన్నాను. అరుపేమీ వినపడలేదు. చిన్న మూలుగు, అంతే. అవ్వ గోడ మీదుగా చూసి, అటు దూకి పెద్దమ్మను పట్టుకోబోయింది. రాత్రి డ్యూటీ చేసి వచ్చి పడుకున్న పెద్దబాపు అప్పుడే బయటికి వచ్చాడు.

"ముట్టకు బిడ్డా. ఆడ్నే ఉండు" అన్నాడు.

అవ్వ చెయ్యి గాలిలోనే ఆగింది. ఆయన మూలనున్న ఎండు కర్ర తీసుకొని తీగను పైపు నుంచి ఊడగొట్టాడు. అప్పటికే పెద్దమ్మ ప్రాణం పోయింది. ఆ రోజు సంగతులు చాలావరకు నాకు మసకబారాయి కాని ఒకటి మాత్రం చెరగలేదు. కళ్ళముందు భార్య కరెంటుకు అంటుకొని ఉండగా ఆయన నోటి నుంచి వచ్చిన మొదటి మాట మా అవ్వను ఆపడానికి. అవ్వ ఇవాళ బతికి ఉందంటే ఆ మాట వల్లే.

కరెంటు ఏ వైరు నుంచి వచ్చిందో పొద్దు వంగేలోపే వాడంతా తెలిసింది. పెద్దమనుషులు వచ్చి కూర్చున్నారు. ఠాణాలో మా బాపు పేరు రాయించాలా అని పెద్దబాపునే అడిగారు. బాపు మా గడపలో తల దించుకొని నిలబడ్డాడు.

"వైరు వానిదే" అన్నాడు పెద్దబాపు. "రేకు నాది. దండెం కట్టింది నేను. ఎవరి మీద రాయిస్తరు?"

ఆయనకు ఒక్కతే బిడ్డ. బోథ్ దిక్కు రైతు ఇంటికి ఇచ్చారు. మేం అక్కా అనేవాళ్ళం. తల్లి దినాలకు వచ్చిన అక్క మా అవ్వతో ఒకే మాట అన్నది. "మా బాపు రాయించకపోతే పోనీ. నేనైతే మీ గడప తొక్క." అన్నట్టే మళ్ళీ తొక్కలేదు. ఎన్నిసార్లు పుట్టింటికి వచ్చినా మా ఇంటి ముందు నుంచి తల తిప్పుకొని పోయేది. ఆమెను తప్పుపట్టే నోరు మాకు లేదు.

పెద్దమ్మ దినాలు అయిన తరువాతి ఆదివారం పెద్దబాపు నైలాన్ తాడు చుట్ట భుజానికేసుకొని, పట్టుకారు పట్టుకొని మా వాకిట్లోకి వచ్చాడు. అప్పటిదాకా బాపు ఆయనకు ఎదురుపడలేక వెనక సందులోంచి పనికి పోతున్నాడు. పెద్దబాపు ఎవరినీ పలకరించకుండా మా దండెం తీగ కత్తిరించి, దాని జాగాలో తాడు కట్టాడు. ముడి బిగించి రెండు చేతులా లాగి చూశాడు. బాపే ఆయన దగ్గరికి పోయాడు.

"అన్నా, నన్ను..." అన్నాడు.

"గా మాట అడగకు తమ్మీ. అడిగితే నేనేదో ఒకటి చెప్పాలె. నాతోని గాదు." పట్టుకారు జేబులో పెట్టుకున్నాడు. "వచ్చే ఐతారం ఖాళీగుండు. ఇల్లిల్లు తిరుగుదాం."

బాపు ఆ తరువాత మళ్ళీ ఎన్నడూ అడగలేదు. ఆయన ఎన్నడూ చెప్పలేదు.

ఆ ఆదివారం నుంచి ఇల్లిల్లూ తిరిగారు. పెద్దబాపు ముందు తాడుతో, బాపు వెనుక నిచ్చెనతో. మొదట్లో తలుపులు మూసుకున్నవాళ్ళే ఎక్కువ. పెళ్ళాం చచ్చిన మనిషి తాడు పట్టుకొని గడపలోకి వస్తే అరిష్టమని వాళ్ళ భయం. ఒక ముసలమ్మ, మస్కట్ పోయే ముందు తన కొడుకు కట్టిపోయిన తీగ అని చెయ్యి వెయ్యనివ్వలేదు. ఆయన వాదించలేదు. ఆమె అరుగు మీద కూర్చున్నాడు. మధ్యాహ్నం అయినా లేవలేదు. చివరికి ఆమే వచ్చి పక్కన కూర్చొని, ఆ పొద్దు నీ భార్య ఏం ఆరేస్తుండె అని అడిగింది. దుప్పటి అన్నాడు. ముసలమ్మ లేచి దండెం మీది బట్టలన్నీ తీసి, తీగ ఇప్పు అన్నది. తీసిన తీగను ఆయన చుట్ట చుట్టి ఆమె చేతికే ఇచ్చాడు. "నీ కొడుకు కట్టింది. దాసుకో" అన్నాడు.

ఆ ముసలమ్మ తరువాత మిగతా తలుపులు ఒక్కొక్కటే తెరుచుకున్నాయి. అయినా వాడంతా మార్చేసరికి దసరా దాటింది.

తీగలు మారినా ఆదివారం పొద్దున కలవడం ఆగలేదు. వాడలో వీలైనవాళ్ళంతా వచ్చి సాంచాల షెడ్డు వసారాలో కూర్చునేవాళ్ళు. ఒరిగిన స్తంభం, చుట్టూ కంచె లేని ట్రాన్స్‌ఫార్మర్, మూత లేని మురికికాలువ, బీడీలు అప్పజెప్పి ఆడవాళ్ళు తిరిగొచ్చే మలుపులో వెలగని లైటు, ఇట్లా ఒక్కొక్కటీ బయటికి వచ్చాయి. అర్జీలు రాసేదాన్ని నేను. "మర్యాదగ రాయి బిడ్డా. బతిమాలుకున్నట్టు మాత్రం రాయకు" అనేవాడు పెద్దబాపు. రాసింది చదివి వినిపించమనేవాడు. నచ్చకపోతే ఊరికే తల అడ్డంగా ఊపేవాడు. ఏది నచ్చలేదో నేనే వెతుక్కోవాలి. ఇవాళ బడిలో నా పిల్లలకు ఉత్తరం రాయడం నేర్పుతున్నప్పుడు నేను చెప్పేదంతా ఆ వసారాలో నేర్చుకున్నదే.

ఎన్ని అర్జీలు ఇచ్చినా కరెంటు ఆఫీసులో వచ్చే వారం రమ్మనేవాళ్ళు. ఒకసారి మా అవ్వ బీడీల ఆడవాళ్ళందరినీ కూడగట్టింది. చాటలు, ఆకు, తంబాకు పట్టుకొని పోయి ఆ ఆఫీసు వసారాలోనే కూర్చొని బీడీలు చుట్టారు. నినాదాలు లేవు, కొట్లాట లేదు. వచ్చిన పని అయ్యేదాకా మా పని మేం ఇక్కడే చేసుకుంటాం అన్నారు. మూడో రోజు నిచ్చెనల బండి మా వాడకు వచ్చింది. పాత సర్వీస్ వైర్లన్నీ మార్చారు. ట్రాన్స్‌ఫార్మర్‌కు కంచె మాత్రం ఏళ్ళు పట్టింది. అందాకా పెద్దబాపు, బాపు కలిసి దూరంగా వెదురు దడి కట్టారు, ఏటా అది చివికితే మళ్ళీ కట్టారు. ఇద్దరూ పక్కపక్కన గంటలు పనిచేసేవాళ్ళు. పనికి కావలసిన మాటలు తప్ప మాట్లాడుకోగా నేను వినలేదు.

పొద్దెక్కినా తలుపు తెరవని ఇల్లుంటే ఇద్దరు పోయి చూడాలన్నది కూడా ఆయన పెట్టిన నియమమే. దానివల్ల జ్వరంతో లేవలేకపోయిన ముసలివాళ్ళు కొందరు బతికారు. తిండి మానేసి గోడవైపు తిరిగి పడుకున్న ఒక నేత కార్మికుడిని ఆయన రోజూ పోయి లేపి, తనతోపాటు చాయ్ తాగించి, షెడ్డు దాకా నడిపించాడు. ఏం మాట్లాడేవారో ఎవరికీ చెప్పలేదు.

ఆయన చొక్కా జేబులో ఎప్పుడూ ఒక టెస్టర్ ఉండేది. ఎవరింటికి పోయినా కూర్చునే ముందు కూలరుకో, బోరు పైపుకో అది ఆనించి చూసేవాడు. నా పెళ్ళిలో షామియానా ఇనుప గుంజలన్నిటికీ ఆనించుకుంటూ తిరుగుతుంటే మగపెళ్ళివాళ్ళు నవ్వారు. నేను నవ్వలేకపోయాను.

ఊరందరికీ తాడు కట్టిన మనిషి తన ఇంట్లో మాత్రం మళ్ళీ దండెం కట్టలేదు. తన రెండు చొక్కాలూ గోడ మీద పరిచి ఆరబెట్టుకునేవాడు. వానాకాలంలో అవి ఆరకపోతే తడివే తొడుక్కొని పోయేవాడు. నేను కట్టనా అని ఒకసారి అడిగాను. "వద్దు బిడ్డా. గా జాగ ఖాళీగనే ఉండనీ" అన్నాడు.

చివరిసారి ఆయనను చూసింది దవాఖానలో. మాట మాటకూ ఆయాసం. వాడ సంగతులు అడిగాడు. అంతా బాగుందని చెప్పాను. నిజానికి ఆదివారం వసారాకు ఇప్పుడు నలుగురైదుగురు కూడా రావడం లేదు. ఏదన్నా ఉంటే ఫోన్‌లో పెట్టండి అంటున్నారు. ఆయన నా వైపు తల తిప్పాడు.

"కొత్తిండ్లు రెండు లేసినయి గదా. దండేలు చూసిన్రా?"

"చూసినం పెద్దబాపూ. తాళ్ళే" అన్నాను.

తాళ్ళు కావు. రెండూ ఇనుప తీగలే. పోయిన సెలవుల్లో నేను వాటిని చూశాను, ఎవరికో ఒకరికి చెప్పాలనుకున్నాను, చెప్పలేదు. దసరా దాటనీ అన్న మా బాపుకూ నాకూ తేడా ఏముంది? ఆయన నా మాట నమ్మి తల ఆడించాడు. ఈ నాలుగు వాక్యాలు రాస్తున్న నాటికి ఒక ఇంట్లో తీగ తీయించాను. రెండో ఇంటివాళ్ళు రేపు రేపు అంటున్నారు.

దవాఖానలో ఆ నెలంతా ఆయన దగ్గర కూర్చున్నది మా బాపే. ఇవాళన్నా ఏమన్నా అన్నడా అని అవ్వ రోజూ అడిగేది. "నీళ్ళడిగిండు. తాపిన" అనేవాడు బాపు. రోజూ అదే జవాబు.

ఆ రోజు నేను ఊరు చేరేసరికి సన్నగా చినుకులు పడుతున్నాయి. వాడంతా పెద్దబాపు ఇంటి ముందే ఉంది. అక్క తండ్రి తల దగ్గర కూర్చొని ఉంది. పాడె ఎత్తే వేళకు బాపు మా గడపలోనే ఆగిపోయాడు. ఎవరైనా రమ్మంటారేమోనని చూశాడు. నలుగురు మగవాళ్ళు అక్క వైపు చూశారు. అక్క బాపును చూసింది. రమ్మనలేదు, వద్దనలేదు, తల దించుకుంది. వాళ్ళే ఎత్తుకున్నారు. అందరూ మలుపు తిరిగాక బాపు కాళ్ళకు చెప్పులు కూడా లేకుండా అందరికంటే వెనుక నడిచిపోయాడు.

మగవాళ్ళు ఇంకా తిరిగి రాలేదు. అవ్వ అన్నం, పప్పు వండి గిన్నెలో పెట్టుకొని వీధిలోంచి ఆ ఇంటికి పోయింది. లోపలికి అడుగు పెట్టలేదు. గడప మీద గిన్నె పెట్టి, "అన్నం తెచ్చిన బిడ్డా" అని, అరుగు అంచున కూర్చుంది. అక్క లోపల తలుపుకు ఆనుకొని ఉంది. తినలేదు. తీసుకపొమ్మని కూడా అనలేదు. గడపకు అటు ఒకరు, ఇటు ఒకరు, ఒకరినొకరు చూసుకోకుండా చినుకుల వైపు చూస్తూ కూర్చున్నారు. మూత అంచు నుంచి సన్నగా లేస్తున్న ఆవిరి కాసేపటికి కనిపించడం మానేసింది. అయినా ఇద్దరూ లేవలేదు.