టోనీ ఒంటరిగా రాయనన్న పరీక్ష

1984లో నేను న్యూజెర్సీలో, పార్సిప్పనీ దగ్గర ఒక హైస్కూల్లో రిసోర్స్ రూమ్ టీచర్‌ని. చదవడంలోనో రాయడంలోనో ఇబ్బంది ఉన్న పిల్లలు రోజూ ఒక పీరియడ్ వచ్చి సాయం తీసుకునే గదిని రిసోర్స్ రూమ్ అంటారు. అలా వచ్చేవాళ్ళలో టోనీ ఒకడు. మాటల్లో మహా చురుకు. పుస్తకం తెరిస్తే మాత్రం, డిస్లెక్సియా వల్ల, ఒక్క పేజీ కూడబలుక్కునేసరికి గంట కొట్టేసేవాళ్ళు. అమెరికన్ హిస్టరీ అంతకు ముందే ఒకసారి తప్పాడు. ఈసారీ తప్పితే హైస్కూల్ గ్రాడ్యుయేషన్ లేదు.

ఆ హిస్టరీ క్లాసులోనే సుజాత ఉండేది. క్రితం వేసవిలోనే గుంటూరు నుంచి వచ్చింది. పాఠమంతా అప్పజెప్పగలదు కానీ, "ఎందుకు?" అని అడిగే ఎస్సే ప్రశ్నకి పుస్తకంలోని పేరానే దించేది. మార్కులు పడేవి కావు.

"ఉన్నది ఉన్నట్టు రాసినా తప్పేనా ఆంటీ?" అని, స్కూల్లో తెలుగు టీచర్‌ని నేనొక్కదాన్నే కనక, ఒకరోజు నా దగ్గర కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

ఫైనల్ పరీక్ష దగ్గర పడుతుంటే ఇద్దర్నీ ఒకే టేబుల్ దగ్గర కూర్చోబెట్టాను. ఆమె చదివితే అతను వింటాడని నా ఆలోచన. బ్రిటిష్ వాళ్ళ టీ చట్టం మీద కోపంతో అమెరికన్లు బోస్టన్ రేవులో టీ పెట్టెలు పారేసిన పాఠం దగ్గర టోనీ ఆమెని ఆపాడు.

"ఆ చట్టంతో టీ చవకైందన్నావు. మరి సముద్రంలో ఎందుకు పోశారు?"

సుజాత పుస్తకంలోని వాక్యం గడగడా చెప్పింది.

"అలా వద్దు. నీ మాటల్లో చెప్పు."

ఆమె మళ్ళీ పుస్తకంలోకే చూసింది. టోనీయే అందుకున్నాడు. "మా నాన్న బ్రెడ్ ట్రక్ నడుపుతాడు. డ్రైవర్లని ఒక్కమాట అడక్కుండా కంపెనీ రూల్ మారిస్తే, అది మంచి రూలైనా గొడవే. టీ ఎంత చవకైతేనేం, వాళ్ళనెవరూ అడగలేదుగా."

"మా దగ్గర ఉప్పు విషయంలో ఇలాగే జరిగింది," అంటూ సుజాత తడబడుతూనే ఉప్పు సత్యాగ్రహం గురించి చెప్పింది. చూసి చదవకుండా ఆమె అంతసేపు మాట్లాడటం నేను వినడం అదే మొదటిసారి.

"ఇది రాయి. ఇంకెవరికీ తట్టదు," అన్నాడు టోనీ.

చిక్కు తర్వాత వచ్చింది. టోనీకి రీడర్ సౌకర్యం ఉంది. అంటే ప్రశ్నలు ఒకరు చదివి వినిపిస్తారు, టైమ్ ఎక్కువ ఇస్తారు. కానీ పరీక్ష నా గదిలో రాయాలి.

"వద్దు మిసెస్ రావ్. అందరూ జిమ్ హాల్లో రాస్తుంటే నేనొక్కణ్ణే ఇక్కడికొస్తే, ఎందుకో స్కూలంతటికీ తెలిసిపోతుంది. దానికన్నా ఫెయిలవడమే నయం," అన్నాడు. మర్నాటి నుంచి నా గదికి రావడం మానేశాడు.

సంగతి విని సుజాత నా దగ్గరికొచ్చింది. "నేను కొత్త కదా ఆంటీ, నాకూ ఎక్స్‌ట్రా టైమ్ ఇస్తారా?"

"నీకెందుకమ్మా? అందరికన్నా ముందు రాసేస్తావు."

"టైమ్ కోసం కాదు ఆంటీ."

నాకప్పుడు అర్థమైంది. ఎక్స్‌ట్రా టైమ్ తీసుకునేవాళ్ళు రాసేది నా గదిలోనే. ఇంగ్లీషులో పరీక్షలు ఆమెకి కొత్త కనక హిస్టరీ టీచర్ కాదనలేదు. సుజాత కెఫెటేరియాలో టోనీని వెతికి పట్టుకుని, "నేనూ ఆ గదిలోనే రాస్తున్నా. ఒక్కదాన్నే అంటే భయంగా ఉంది, వస్తావా?" అని అడిగిందట. తర్వాత అతనే నాకు చెప్పాడు.

పరీక్షనాడు ఆమె వెనకే టోనీ వచ్చాడు. ప్రశ్నలు మెల్లగా చదివి వినిపించాను. అతను పెన్ను గట్టిగా పట్టుకుని, పెదాలు కదుపుతూ రాశాడు. సుజాత ఎప్పుడో ముగించింది. అయినా లేవలేదు. పేపర్ బోర్లించి, టోనీ చివరి వాక్యం రాసేదాకా కిటికీలోంచి పార్కింగ్ లాట్ చూస్తూ కూర్చుంది.

టోనీ సి గ్రేడ్‌తో పాసయ్యాడు. సుజాత ఉప్పు గురించి రాసిన పేరాని హిస్టరీ టీచర్ మా టీచర్లందరికీ చదివి వినిపించారు. గ్రాడ్యుయేషన్ రోజు టోనీ వాళ్ళ నాన్న డ్యూటీ యూనిఫాంలోనే వచ్చి, సుజాత చేయి పట్టుకుని చాలాసేపు వదల్లేదు.

ఆ తర్వాత చాలా ఏళ్ళు అదే పనిలో ఉన్నాను. సాయం వద్దని మొండికేసే పిల్లల్లో ఎక్కువమందిది ఒకటే భయం, నలుగురిలో తామొక్కరే వేరుగా కనపడతామని. అందుకే ఎవరికైనా పరీక్షకి గది మార్చాల్సి వస్తే, ముందుగా ఒకటే అడిగేదాన్ని.

"నీతో ఎవర్ని కూర్చోమంటావు?"