సీతారాములు కుడి చెవి

సీతారాములును పిలవాలంటే కుడిపక్కకు వచ్చి పిలవాలి. గద్వాల నేతగాళ్ల వీధుల్లో అందరికీ ఆ సంగతి తెలుసు. తెలియనివాళ్లు ఎడమపక్క నుంచి పిలిచి, పలకలేదని కోపం తెచ్చుకుని వెళ్లిపోతుంటారు. చిన్నప్పుడు ఎడమ చెవిలో చీము పట్టింది. ఇంట్లోవాళ్లు వెచ్చచేసిన నూనె పోశారు, ఎవరో చెప్పిన ఆకు పసరు పిండారు. చివరికి కర్నూలు పెద్ద దవాఖానకు తీసుకుపోయేసరికి చెవి పోయింది, పిల్లవాడు మాత్రం బతికాడు.

పెళ్లినాడు ఆ చెవి ఆయన్ను ఇబ్బంది పెట్టింది. సత్యమ్మది అమరచింత. వాళ్లదీ నేత ఇల్లే. పీటల మీద ఎడమపక్కన కూర్చున్న ఆమె, హోమం పొగకు కళ్లు మండి, కొంచెం జరగమని మెల్లగా అడిగింది. ఆయన రాయిలా కూర్చున్నాడు. పెళ్లికొడుక్కు గర్వం ఎక్కువని ఆమె అనుకుంది. అత్తగారింటికి వచ్చాక సంగతి తెలిసి, "ముందే చెప్పొద్దా?" అంది.

"చెప్తె పిల్లనియ్యరని మా నాయిన చెప్పనియ్యలే" అన్నాడాయన.

ఆనాటి నుంచి ఆమె ఎక్కడున్నా ఆయనకు కుడిపక్కకు జరిగింది. బస్సులో, సినిమా హాలులో, చుట్టాల పెళ్లిళ్లలో. మగ్గం మీద సరేసరి. గద్వాల చీరకు నడుమ నూలు, అంచులు పట్టు. ఆ రెంటినీ పోగు పోగుకూ కలిపి నేయాలి కనుక మగ్గం మీద ఇద్దరు కూర్చోవాలి. వాళ్లిద్దరూ ఒకే పలక మీద, మోకాళ్లు తగిలేంత దగ్గరగా, పాతికేళ్లకు పైగా కూర్చుంటున్నారు.

సీతారాములుకు ఉన్న ఒకే ఒక్క పిచ్చి పాట. సినిమా పాటల కంటే భజన పాటలంటే ఇష్టం. సత్యమ్మ తండ్రి లింగయ్య అమరచింత భజన బృందంలో ఆడవేషం కట్టి పాడేవాడు. చేతుల్లో చిరుతల చెక్కలు వాయిస్తూ గొంతు సన్నం చేసి ఎత్తుకుంటే, కొత్తగా చూసినవాళ్లు ఆడమనిషే అనుకునేవారు. గాజులమ్మేవాడికీ ఒక ఇల్లాలికీ బేరం నడిచే సంవాదం ఆయనకు బాగా పేరు తెచ్చింది. ఎవరో దాన్ని ఇద్దరికీ చెరో మైకు పెట్టి రికార్డు చేశారు. లింగయ్య పోయాక ఆ పాట ఫోన్ల మీదుగా చేరి చేరి అల్లుడి ఫోనులోకి వచ్చింది.

ఫోన్ స్పీకర్లో పెడితే మగ్గాల చప్పుడులో వినపడదు. పక్కగదిలో తమ్ముడి మగ్గం ఆడుతూనే ఉంటుంది. ఇయర్‌ఫోన్ పెట్టుకుంటే గాజులవాడి గొంతు మాత్రమే వస్తుంది. వాడు గాజులు పొగుడుతాడు, ధర చెబుతాడు, ఆగుతాడు. జవాబు రాదు. మళ్లీ వాడే అందుకుంటాడు. లింగయ్య గొంతంతా ఎడమ చెవిలోకి పోతోందని, ఆ చెవికి వినపడదని కూతురు వైష్ణవి కనిపెట్టింది. వైష్ణవి వనపర్తిలో నర్సింగు చదువుతోంది. సెలవు దొరికితే ఇంటికి వస్తుంది.

అప్పటికే ఇయర్‌ఫోన్ మీద ఇంట్లో ఒక రగడ అయింది. ఒకరోజు నేసేటప్పుడు ఆయన దాన్ని కుడి చెవిలో పెట్టుకున్నాడు. అంచు దగ్గర పట్టుపోగు తెగింది. సత్యమ్మ "ఆగు" అంది. ఆయనకు వినపడలేదు. ఆమె మోచేత్తో పొడిచేసరికి జానెడు అంచు తప్పింది. నేసిందంతా విప్పుకోవడానికి ఆ పూట పోయింది.

"పాటన్న విను, నా మాటన్న విను" అంది సత్యమ్మ. ఆయన దగ్గర ఉన్నది ఒకే చెవి కాబట్టి రెండూ కుదరలేదు. ఇయర్‌ఫోన్ గూట్లోకి పోయింది.

ఆ సంక్రాంతి దాటాక వైష్ణవి ఫోనులో ఒకటి చూపించింది. పుణెలో నలుగురు ఇంజనీర్లు కలిసి కొత్తరకం ఇయర్‌ఫోన్లు తయారుచేయబోతున్నారు. తీగ ఉండదు. చెవిని ఫొటో తీసి పంపితే ఆ కొలతకే చేస్తారు. ఏ చెవికి ఎంత వినపడుతుందో అదే పరీక్షపెట్టి, దానికి తగ్గట్టు శబ్దాన్ని సర్దుతుంది. పాట మోగుతున్నా పక్కన మాట్లాడే మనిషి గొంతును లోపలికి వదులుతుంది. కాకపోతే వస్తువు ఇంకా తయారు కాలేదు. కావలసినవాళ్లు ముందే డబ్బు కట్టాలి. అనుకున్నంత పోగైతే తయారుచేసి పంపుతారు, కాకపోతే ఎవరిది వాళ్లకు తిరిగి ఇస్తారు.

"క్రౌడ్‌ఫండింగ్ అంటరు నాయినా. తలా ఇంత వేసి చేపిచ్చుకునుడు."

"ఎంతంట?"

వైష్ణవి చెప్పింది. ఒక చీర కూలిలో చెప్పుకోదగ్గ ముక్కే. సీతారాములు ఆ బొమ్మను పెద్దది చేయించి చూశాడు. వస్తువు చింతగింజంతే ఉంటుందట.

మర్నాడు జరీ తేవడానికి బజారుకు పోయినప్పుడు ఉమేష్ దుకాణం ముందు ఆగాడు. ఉమేష్ మొబైల్ ఫోన్లు అమ్ముతాడు, బాగుచేస్తాడు. విషయం విని నవ్వలేదు గానీ తల అడ్డంగా ఊపాడు.

"అన్నా, నా మాటిను. దుకాణంల ఉన్నది చేతిల పట్టుకొని, చెవిల పెట్టుకొని, నచ్చితె కొనాలె. లేని సరుకుకు పైసలు ఎట్ల కడతవ్? రేపు రాకపోతె యాడికి పోయి అడుగుతవ్?"

ఆ మాట న్యాయంగానే తోచింది. జరీ చుట్టలు సంచిలో వేసుకుని ఇంటిదారి పట్టాడు. నడుస్తుంటే ఇంకో ఆలోచన వచ్చింది. కిందటేడు నాగర్‌కర్నూల్ నుంచి గీత అనే టీచరమ్మ వచ్చింది. కొత్తింట్లోకి పోతున్నామని, నెమలికంఠం రంగు చీరకు ఎర్రంచు కావాలని అడిగింది. అప్పటికి చీర లేదు. పడుగు కూడా లేదు. ఆయన చూపించింది రంగు నమూనాకు రెండు నూలుచిలపల కట్టలు, అంతే. ఆమె వాటిని వెలుగులో పట్టి చూసి, సగం డబ్బు చేతిలో పెట్టి వెళ్లింది. రంగు ఆలస్యమైతే ఫోన్ చేసి, "తొందరేం లేదు, మంచిగ నెయ్యండి" అంది. లేని చీరను నమ్మేవాళ్లు ఉండబట్టే కదా తన ఇంట్లో పొయ్యి వెలుగుతోంది అనుకున్నాడు.

అన్నం తినేటప్పుడు ఆ మాటే సత్యమ్మతో అన్నాడు. "మనం గూడ లేని చీరకే బయానా తీసుకుంటం గద."

సత్యమ్మ కూర వడ్డిస్తూ అంది. "మనం వేరు. ఆమె మన ఇంటికొచ్చింది. మగ్గం సూసింది, నన్ను సూసింది, నా చేతి నీళ్లు తాగింది. చీర ఇయ్యకుంటె వచ్చి అరుగు మీద కూసుంటది. నువ్వు పుణెకు పోయి ఎవల అరుగు మీద కూసుంటవ్?"

ఉమేష్ చెప్పిందీ అదే. కానీ ఉమేష్ చెప్పినప్పటికంటే సత్యమ్మ చెప్పినప్పుడు ఎక్కువ దిగులనిపించింది. ఆమె కాదంటే ఎలాగూ కట్టడు. కట్టకపోతే ఏమీ కాదు కూడా. ఇన్నేళ్లూ సగం పాటతోనే బతికాడు.

వారం మధ్యలో వైష్ణవి ఫోన్ చేసింది. "నాయినా, ఊకె పరేషాన్ కాకు. వాళ్లనే అడుగుదం. ప్రశ్నలు అడగనీకె అందుల జాగ ఉన్నది. ఏమడగాల్నో చెప్పు."

సీతారాములు ఎప్పుడూ తన చెవి గురించి పరాయివాళ్లకు చెప్పుకోలేదు. కొంచెం తటపటాయించి చెప్పాడు. "మా నాయినకు ఎడమ చెవి చిన్నప్పుడే పోయింది, అసలే వినపడదు అని రాయి. రెండు దిక్కుల పాట ఒక్క చెవిలకే వస్తదా అడుగు. మగ్గం నేస్తడు, పక్కన మనిషి చెప్పేది గూడ వినపడాలె అని రాయి."

వైష్ణవి ఇంగ్లీషులో రాసి పంపింది. జవాబు వస్తుందని ఆయన అనుకోలేదు. వచ్చింది. ఆదివారం ఇంటికి వచ్చిన వైష్ణవి అరుగు మీద కూర్చుని తెలుగులో చదివి చెప్పింది. సత్యమ్మ నూలు కండెలు చుడుతూ వింటోంది.

"మీ నాన్నగారు మొదటిదాని కోసం మా వస్తువు కొనాల్సిన పని లేదు, అంటున్నరు. రెండు పక్కల శబ్దాన్ని కలిపి ఒకటి చేసే మీట ఆయన ఫోన్లోనే ఉంటది, సెట్టింగులల్ల మోనో అని ఉంటది సూడండి, ఇయ్యాలనే పెట్టుకోండి అంటున్నరు. రెండోదాని సంగతి, పక్కన మనిషి మాట లోపలికి వచ్చేటట్టు చేస్తున్నం, కానీ మగ్గం చప్పుడుల మేము పరీక్ష చెయ్యలేదు, పనిచేస్తదని మాటియ్యలేము, అంటున్నరు. కింద పేరు గూడ పెట్టిండ్రు."

సీతారాములు ఫోన్ అందించాడు. వైష్ణవి సెట్టింగుల్లో వెతికి, ఆ మీట నొక్కింది. గూట్లో ఉన్న పాత ఇయర్‌ఫోన్ తీసి, దుమ్ము తుడిచి, ఆయన కుడి చెవిలో పెట్టింది.

గాజులవాడు గాజులు పొగిడాడు. ధర చెప్పాడు. ఆగాడు. ఆ ఆగిన చోట లింగయ్య అందుకున్నాడు. సన్నని గొంతు, కొంచెం వెటకారం, ఒక్కో మాటనూ లాగి లాగి వదలడం. ఆ మాటలు సీతారాములుకు తెలియనివి కావు, ఎన్నోసార్లు ఎదురుగా కూర్చుని విన్నవే. కానీ ఇంత దగ్గరగా వినడం ఇదే మొదటిసారి. చెవి దగ్గర నోరు పెట్టి పాడుతున్నట్టుంది. ప్రతి చరణానికీ ముందు ఒక చిన్న గొంతు సవరింపు ఉంది.

"మామ దగ్గుతుండు" అన్నాడు.

"యాడ?" అంటూ సత్యమ్మ లేచి వచ్చింది. ఆయన ఇయర్‌ఫోన్ తీసి ఇచ్చాడు. ఆమె చెవికి ఆనించుకుని పాట అయిపోయేదాకా నిలబడే వింది.

"బీడీల అలవాటుండె నాయినకు" అంది ఇచ్చేస్తూ. "పాట ఉన్న రోజు ముట్టకపోయేది. తాగకుంటెనే దగ్గొచ్చేది."

మళ్లీ కండెల దగ్గరకు వెళ్లి కూర్చుంది. కండె తిప్పుతూ అంది, "ఇంకేంది, పని అయిపాయె. పైసా ఖర్చులేకుండ ఫోన్లనే దొరికె."

నిజమే. ఆ సాయంత్రమంతా ఆయన పాటలు వింటూనే ఉన్నాడు. ఇన్నేళ్లు తనకు తెలిసినవనుకున్న పాటల్లో ఎక్కడెక్కడో కొత్తగా వాయిద్యాలు పలుకుతున్నాయి. చీకటిపడి, వైష్ణవి హాస్టలుకు పోవడానికి సంచి సర్దుకుంటూ అడిగింది. "నాయినా, ఇగ ఆ పుణెవాళ్లది వద్దు గద? పైసలు కట్టనీకె ఎల్లుండే ఆఖరు."

"కట్టు" అన్నాడు సీతారాములు.

తల్లీ కూతుళ్లు ఆయన వైపు చూశారు.

"అవసరం లేదని వాళ్లే చెప్పిండ్రు గద" అంది సత్యమ్మ.

"చెప్పిండ్రు. గందుకే కడుతున్న. సరుకు అమ్ముకుందామని కూసున్నోడు, నీకు మా సరుకు అక్కర లేదని ఎవడు చెప్తడు? పనిచేస్తదని మాటియ్యలేము అన్నరు. రేపు ఏమన్న ఖరాబైనా ఖరాబైందనే చెప్తరు."

"మంచోళ్లని పైసలిస్తమా, పనికొస్తదని ఇస్తమా?"

"మంచోళ్లు చేసేది పనికొస్తదని. మొదటిది ఫోన్ల దొరికింది. రెండోది దొరకలే. మగ్గం మీద నీ మాట వినాలె గద."

"నా మాట వినాల్నంటె నీకు మిషిను గావాల్నా?" అంది సత్యమ్మ. వైష్ణవి నవ్వింది. సత్యమ్మ నవ్వకుండా ఉండటానికి ప్రయత్నించి, పక్కకు తిరిగి కండె చుట్టింది. "నీ ఇష్టం. పోతె పోయినయ్ అనుకో. మళ్ల అంచు తప్పితె మాత్రం నేను మగ్గం దిగుత."

ఆ రాత్రి బస్సెక్కే ముందు వైష్ణవి తండ్రిని దీపం కింద నిలబెట్టి చెవుల ఫొటోలు తీసింది, డబ్బు కట్టింది.

ఉగాదికి పంపుతామన్నారు. ఉగాది పోయింది. ఏదో ముక్క పరీక్షలో నిలబడలేదు, మార్చాలి అని కబురు వచ్చింది. వానలు మొదలయ్యాక ఇంకోసారి అదే కబురు. ఎదురుపడినప్పుడల్లా ఉమేష్, "వచ్చెనా అన్నా?" అనేవాడు. "రాలే. ఆలస్యమైతదని చెప్పిండ్రు" అనేవాడు సీతారాములు. లోపల మాత్రం అప్పుడప్పుడు సత్యమ్మ మాటే నిజమవుతుందేమో అనిపించేది. ఆమె ఒక్కసారి కూడా ఆ ఊసెత్తలేదు. ఎత్తకపోవడమే ఆయనకు బరువుగా ఉండేది.

దసరా ముందు పెట్టె వచ్చింది. సత్యమ్మే కత్తెరతో విప్పింది. చెవిలో పెట్టుకుంటే కొలిచి కుట్టించిన చొక్కాలా కూర్చుంది. మర్నాడు మగ్గం ఎక్కి ఆడించేసరికి అసలు సంగతి తెలిసింది. పక్క మాటను లోపలికి వదిలినట్టే అది మగ్గం చప్పుడునూ వదిలింది. పోగును బిగించే పలక దెబ్బ ప్రతిదీ చెవిలోనే పడుతోంది. మధ్యలో సత్యమ్మ గొంతు ఎక్కడో రేకుడబ్బాలోంచి వచ్చినట్టుంది. రెండు రోజులు ఓర్చుకుని, మూడో రోజు తీసేశాడు.

అయితే చీర కోసేశాక పాత పడుగుకు కొత్త పడుగు అతికే పని ఉంటుంది. వేల పోగులు ఒక్కొక్కటీ చేత్తో మెలిపెట్టాలి. ఆ పనిలో పక్కగది మగ్గం తప్ప చప్పుడు ఉండదు. అప్పుడు పెట్టుకున్నాడు. తీగ లేదు కనుక పోగుల్లో చిక్కుకోలేదు, చెవి నుంచి జారలేదు. పాట నడుస్తుండగానే సత్యమ్మ చారు కాచనా, పప్పు చేయనా అని అడిగితే తల తిప్పకుండానే, "చారు" అన్నాడు. ఆమె చేతిలో పోగు ఆపి ఆయన వైపు చూసి, మళ్లీ మెలిపెట్టుకుంది.

దీపావళి సెలవులకు వచ్చిన వైష్ణవి, వస్తువు ఎలా ఉందో రాయమని పుణెవాళ్లు అడుగుతున్నారని చెప్పింది.

"మగ్గం ఆడేటప్పుడు పనికి రాలే. పడుగు అతికేటప్పుడు మంచిగున్నది. ఎడమ దిక్కుది పెట్టెలనే ఉన్నది, కొత్తగనే ఉన్నది. గట్లనే రాయి."

"పనికి రాలే అని రాయాల్నా? పాపం నాయినా వాళ్లు."

"రాయి. తెలిస్తె మల్ల చేసేటప్పుడు సక్కగ చేస్తరు."

వంటింట్లోంచి సత్యమ్మ కేకేసింది. "ఆడోళ్ల గొంతు డబ్బలకెల్లి వచ్చినట్టు వస్తున్నదంట, గది జర సూస్కోమని రాయి."

వైష్ణవి అదీ రాసింది.