తెలీదని చెప్పడం నేర్పిన తల్లి

ఆస్పత్రి దుప్పట్లు ఉతికే చోట ఆమెను అందరూ మడతల అక్క అంటారు. వేడి రోలర్ల కింద నుంచి కాలుతూ వచ్చే దుప్పటిని రెండో మనిషి సాయం లేకుండా ఒక్కతే మడతపెట్టి పారేస్తుంది మరి. మొగుడు ఎప్పుడో తన దారి తాను చూసుకున్నాడు. పోతే పోయాడు, వాడి ఊసు ఇక్కడితో సరి. ఈ కథ ఆమెదీ, ఆమె ఏడేళ్ళ కూతురిదీ.

ఆ పిల్లకి ఎవరూ అక్షరం ముక్క నేర్పలేదు. మందుల పెట్టెల్లో మడిచిపెట్టే కాగితాల మీద ఒకే సంగతి రెండు మూడు భాషల్లో ఉంటుంది కదా, వాటిని పక్కపక్కన పరుచుకుని తనంతట తనే చదవడం పట్టేసింది. సాయంత్రం తల్లి వంట చేస్తుంటే దగ్గు మందు కాగితం గడగడా చదివి వినిపించేది.

"అమ్మా, దీంట్లో నిద్ర వస్తుందని మన భాషలో రాశారు. ఆ భాషలో రాయలేదు. ఎందుకు?"

"ఏమో తల్లీ, వాళ్ళకి నిద్ర రాదేమో."

పనిలో ఆడవాళ్ళు పిల్లకి డిక్షనరీ అని పేరు పెట్టారు. పగలంతా ఒళ్ళు హూనం చేసుకున్న ఆ తల్లికి ఉన్న సుఖమల్లా సాయంత్రం ఆ కాసేపే.

కానీ అదే పిల్ల గంట మోగితే చెవులు మూసుకుని బల్ల కింద దూరేది. చొక్కా చేయి కాస్త తడిస్తే గోడకి తల బాదుకునేది. డాక్టరమ్మ చూసి నిమ్మళంగా చెప్పింది.

"దీన్ని ఆటిజం అంటారమ్మా. ఆటిజం ఉన్న పిల్లలందరికీ ఇంత తెలివి ఉండదు. కొందరిలో రెండూ కలిసి వస్తాయి, మీ పాప అలాంటిది. తెలివి ఉంది కదా అని ఆ ఇబ్బంది లేదనుకోకండి."

ఆవిడ బాగానే చెప్పింది. బడులకి ఎవరు చెప్పాలి? తెలివైన పిల్లల బడిలో అడిగినవాటన్నిటికీ టకటకా జవాబిచ్చింది, గంట మోగగానే బల్ల కిందికెళ్ళి అరిచింది. మా వల్ల కాదన్నారు. మామూలు బడివాళ్ళు చేర్చుకున్నట్టే చేర్చుకుని ఇంటికి పంపేశారు. కాళ్ళరిగేలా తిరగ్గా ఊరి చివర ఇలాంటి పిల్లల కోసమే ఒక బడి దొరికింది. అక్కడ గంట లేదు, గద్దించే మనిషి లేడు. పిల్ల నేరుగా వెళ్ళి కిటికీ పక్కన కూర్చుని కాళ్ళూపుకుంది. తల్లికి ప్రాణం లేచొచ్చింది. అంతలోనే గుమాస్తా నసిగాడు.

"చదువు వచ్చిన పిల్లకి ఇక్కడ సీటివ్వరమ్మా. చదువు అందని పిల్లలకే. వచ్చే వారం టీచరుగారు పరీక్ష చేస్తారు, చూడండి."

ఎంత చక్కటి న్యాయమో చూడండి. తెలివి ఉన్నందుకు ఒకరు వద్దంటారు, ఇబ్బంది ఉన్నందుకు ఇంకొకరు వద్దంటారు, మధ్యలో పిల్ల ఎటూ కాకుండా పోతుంది. ఈలోగా ఆమె పిల్లని పనికే వెంటపెట్టుకుపోయేది. మిషన్ల హోరులో దుప్పట్ల గుట్ట వెనక ముడుచుకుని, చెవులు నొక్కుకుని పిల్ల వణికిపోయేది. సూపర్‌వైజరు కూడా చెప్పేశాడు.

"ఈ నెలాఖరు దాకా చూస్తానక్కా. ఆ తర్వాత పిల్లని తెచ్చేట్టయితే నువ్వూ రానక్కర్లేదు."

అప్పుడా తల్లి ఒక పని చేసింది. తప్పే, కాదనను. పిల్లని ఎదురుగా కూర్చోబెట్టుకుని చిలక్కి చెప్పినట్టు చెప్పింది.

"ఎవరేం అడిగినా తెలీదు అనాలి."

"తెలిస్తే?"

"తెలిసినా సరే."

"అది అబద్ధం కదా."

"అబద్ధం కాదు చిట్టీ, ఇది రూలు."

అబద్ధం ఆ పిల్ల నోట పలకదు. రూలంటే మాత్రం ప్రాణం మీదికొచ్చినా తప్పదు. అది తెలిసే ఆమె ఆ మాట వాడింది.

పరీక్షలో పిల్ల అన్నిటికీ తెలీదంది. సీటొచ్చింది. పనిలో అందరికీ మిఠాయి పంచితే, "ఇక గట్టెక్కావులే" అన్నారు. గట్టెక్కింది, నిజమే. పిల్ల పొద్దున్నే తనే చెప్పులేసుకుని తయారయ్యేది. తల బాదుకోవడం మానేసింది.

ఒక సాయంత్రం తల్లి సరదాపడి కొత్త మందు కాగితం చేతికిచ్చింది.

"ఇందులో ఏం రాశారే?"

"తెలీదు."

"పోవే, వేషాలు. అమ్మకి చెప్పొచ్చు."

"ఎవరడిగినా అన్నావు."

తల్లి పిల్ల గడ్డం పట్టుకుని బతిమాలింది. ఆ రూలు తీసేశానంది.

"రూలు తీసేస్తే బడి కూడా తీసేస్తారా?" అంది పిల్ల.

పిల్ల ఆ కాగితాన్ని విప్పకుండానే తిరిగి తల్లి ఒళ్ళో పెట్టింది.

"నేను చదవడం మానేశానమ్మా. చదివితే తెలుస్తుంది. చదవకపోతే నిజంగానే తెలీదు, అప్పుడు అబద్ధం కాదు."

ఆ రాత్రి ఆమె ఏడ్చింది. ఉన్నదున్నట్టు చెప్పేయాలని తెల్లారి బడికి వెళ్ళింది. టీచరు గుమ్మంలోనే ఎదురొచ్చి, పాప బాగా కుదురుకుందని మురిసిపోయింది. పిల్ల వెనక్కి చూడకుండా వెళ్ళి కిటికీ పక్కన కూర్చుంది.

"ఏమైనా చెప్పాలామ్మా?" అంది టీచరు.

"ఏం లేదండీ," అని మడతల అక్క పనికి వెళ్ళిపోయింది.