గొడుగు ఊచల మీద సుంకం

అర్థశాస్త్రం పుస్తకాలు మన భాషలోకి తేవడం అతని వృత్తి. అతనితో ఒకటే చిక్కు. ఏ పుస్తకం చేతిలో ఉంటే ఆ పుస్తకం వైపే మాట్లాడతాడు. స్వేచ్ఛా వాణిజ్యం పుస్తకం చేస్తున్నన్నాళ్లూ, సరిహద్దులు తెరిస్తే సరుకు చవకవుతుందని కనిపించినవాళ్లందరి చెవుల్లో ఇల్లు కట్టుకుని చెప్పాడు. తర్వాత, దేశంలో తయారయ్యే వస్తువుల్ని సుంకాలు వేసి కాపాడుకోవాలనే పుస్తకం వచ్చింది. రెండో అధ్యాయానికే ప్లేటు ఫిరాయించాడు.

"నిఘంటువుగారు పార్టీ మారారే!" అని నవ్వేవాడు బావ.

అక్కా బావా మేడ మీద రెండు గదుల్లో గొడుగులు తయారు చేస్తారు. ఇనప ఊచలు పై దేశం నుంచి కట్టలుగా వస్తాయి. బట్ట కత్తిరించి, కుట్టి, ఊచలకి బిగించడం వీళ్ల పని. కుట్టడానికి ఇద్దరు ఆడవాళ్లు వస్తారు. పై దేశం గొడుగులు చవగ్గా వచ్చిపడటంతో బేరాలు పడిపోయాయి. అప్పుడే వీధి చివర సంచుల షాపాయన కబురు పెట్టాడు, గొడుగులు మానేసి మిషన్లతో సహా తన దగ్గరికి వచ్చెయ్యమని, నలుగురికీ పని ఇస్తానని. బావ సరేననబోయాడు.

"ఉండండి, తమ్ముణ్ణి ఓ మాట అడుగుదాం," అంది అక్క.

అతను వచ్చి, అందుకున్నాడు. పై దేశం గొడుగుల మీద ప్రభుత్వం సుంకం వెయ్యబోతోందనీ, ఆ తర్వాత మీ గొడుగుకి ఎదురే ఉండదనీ చెప్పుకుపోయాడు. కుట్టే ఆడవాళ్లు మిషన్లు ఆపి మరీ విన్నారు. అది చూసి ఇంకాస్త ఊపొచ్చింది. అక్క షాపాయనకి రామని చెప్పి పంపింది. ఆయన, "తొందరేం లేదు, ఆలోచించుకోండి," అన్నాడట.

కొన్నాళ్లకి అదే పుస్తకంలో ఒక వాక్యం ఎదురైంది. ముడిసరుకు మీద కూడా సుంకం పడితే, ఆ సరుకుతో వస్తువు చేసేవాడి మెడకే అది చుట్టుకుంటుందని. ఆ వాక్యాన్ని పొద్దుటినుంచీ అటూ ఇటూ మార్చి, చివరికి చక్కగా కుదిరిందని మురిసిపోయాడు. కాఫీ తాగుతుంటే అక్క ఇంట్లో గోడకి ఆనించి ఉండే ఊచల కట్టలు గుర్తొచ్చాయి. కప్పు పక్కన పెట్టేశాడు.

ఫోన్ చేశాడు.

"ఏంట్రా?" అంది అక్క.

"ఏం లేదు, ఊరికే."

"తిన్నావా?"

"ఆఁ."

పెట్టేశాడు. ఆవేళ అంత ధాటిగా చెప్పి, ఇప్పుడు కాదనడానికి నోరు రాలేదు. ఊచల మీద ఎవడు వేస్తాడులే సుంకం, అని తనకి తనే సర్దిచెప్పుకున్నాడు.

వేశారు. గొడుగుల మీదా వేశారు, ఊచల మీదా వేశారు. ఊచలు కొనబోతే చెయ్యి కాలింది. కుట్టే ఆడవాళ్లని అక్క మానిపించాల్సి వచ్చింది. వాళ్లలో పెద్దావిడ వెళ్తూ వెళ్తూ మిషన్ తుడిచి, గుడ్డ కప్పి వెళ్లిందని బావ చెప్పాడు. ఆ మాట విన్నాక అతనికి ఇంట్లో కాలు నిలవలేదు.

వెళ్లి చెప్పేశాడు. "ఊచల మీద కూడా పడితే మీకే దెబ్బని నాకు ముందే తెలుసక్కా. షాపాయన ఇంకా మీకోసం చూస్తున్నప్పుడే తెలుసు. చెప్పలేదు."

బావ ఏదో జోక్ వెయ్యబోయి మానుకున్నాడు. అక్క చేతిలో బట్ట మడతపెట్టి పక్కన పెట్టింది.

"పుస్తకంలోనే తప్పు పడిందేమో అనుకున్నానురా ఇన్నాళ్లూ," అంది. "నీ మీదికి పోనివ్వలేదు మనసు."

తిట్టి ఉంటే బాగుండుననిపించింది అతనికి. మర్నాడు తనే సంచుల షాపుకి వెళ్లి ప్రాధేయపడ్డాడు. ఆయన అప్పటికే వేరేవాళ్లని పెట్టుకున్నాడు. చివరికి, సంచులకి పట్టీలు కుట్టే పని మాత్రం ఇచ్చాడు, అదీ అక్కాబావలకే. పెద్దావిడ ఇంటికి కూడా వెళ్లాడు. ఆవిడ కూతురు తలుపు సగమే తీసి, అమ్మ పని వెతుక్కోవడానికి వెళ్లిందంది. క్షమించమని కూతురికి చెప్పడం ఏం బాగుంటుందని వెనక్కి వచ్చేశాడు. మళ్లీ వెళ్లలేదు.

పుస్తకం అచ్చయింది. అనువాదం నల్లేరు మీద బండిలా సాగిందని ఎవరో రాశారు కూడా. అక్క ఇంటికి వెళ్తే ఇప్పటికీ పళ్లెం ముందు పెట్టి, కడుపునిండా తినేదాకా వదలదు. మొన్న ఇంటివాడు గదులు ఖాళీ చెయ్యమంటున్నాడన్న మాట వచ్చింది. అతను ఎదురుగానే కూర్చుని ఉన్నాడు. అక్క బావ వైపు తిరిగి, "మీ స్నేహితుల్లో ఎవరినైనా ఓసారి అడగండి, ఏం చేద్దామో," అంది.

అతను తలవంచుకుని తిన్నాడు.